విల్కిన్సన్ పదిహేను నిమిషాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికా బడుల్లో 1960లలో సాగిన శారీరక దార్ఢ్య కార్యక్రమం గురించి, దాన్ని నడిపిన అధికారి బడ్ విల్కిన్సన్ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఎక్కువగా వ్యాయామ ఉపాధ్యాయులు, బి.పి.ఎడ్. విద్యార్థులు అడిగినవే. ఒకే సంగతి మీద వచ్చిన ప్రశ్నలను ఒకటిగా కలిపాం.

ప్రశ్న: విల్కిన్సన్ ఫుట్‌బాల్ కోచ్. ఆయన్ను తెచ్చి ప్రభుత్వ పదవిలో కూర్చోబెడితే బడులు ఆయన మాట ఎందుకు వినాలి? ఆయన చేతిలో ఉన్న అధికారం ఏమిటి?

జవాబు: చట్టప్రకారం వినక్కర్లేదు. అమెరికాలో చదువు రాష్ట్రాల చేతిలో, స్థానిక స్కూలు బోర్డుల చేతిలో ఉంటుంది. ఏ బడిలో వారానికి ఎన్ని వ్యాయామ పీరియడ్లు ఉండాలో వాషింగ్టన్ చెప్పలేదు. విల్కిన్సన్ పదవి పేరే ‘ప్రత్యేక సలహాదారు’. సలహా ఇవ్వగలరు, ఒప్పించగలరు, అంతకు మించి ఏమీ లేదు.

ఒప్పించడానికి ఆయన పేరు బాగా పనికొచ్చింది. ఓక్లహోమా విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు 1947 నుంచి 1963 దాకా ఆయనే కోచ్. 1950, 1955, 1956లలో ఆ జట్టు జాతీయ విజేత. 1953 నుంచి 1957 దాకా వరుసగా 47 ఆటలు గెలిచింది. ఆ పరంపరకు 1957 నవంబరు 16న నోటర్‌డామ్ జట్టు 7-0తో అడ్డుకట్ట వేసింది. ఇంత పేరున్న మనిషి ఊరికి వచ్చి మాట్లాడతానంటే ఏ స్కూలు బోర్డు కాదంటుంది?

పదవికి ముందున్న చరిత్ర కూడా తెలియాలి. యువజన దార్ఢ్య మండలిని అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1956 జులై 16న ఏర్పాటు చేశారు. ఉపాధ్యక్షుడు నిక్సన్ దానికి అధ్యక్షులు, షేన్ మెకార్తీ కార్యనిర్వాహక అధికారి. సభలు జరిగాయి, ప్రచారం జరిగింది. కానీ రేపు పొద్దున్న క్లాసులో ఏం చేయించాలన్నది మాత్రం టీచరు చేతికి అందలేదు. ఇంకా ప్రమాణ స్వీకారమైనా చేయని కెనెడీ 1960 డిసెంబరు 26న ఒక క్రీడా పత్రికలో అమెరికన్లు మెత్తబడిపోతున్నారంటూ వ్యాసం రాశారు. 1961లో విల్కిన్సన్‌ని పిలిచారు. ఆయన కోచ్ ఉద్యోగం వదలకుండానే ఈ పని ఎత్తుకున్నారు.

ఆయన చేసిన మొదటి పని, మా లెక్కలో అన్నిటికన్నా మంచి పని, విద్యాసంఘాలనూ వైద్యసంఘాలనూ ఒక చోట కూర్చోబెట్టి చిన్న పుస్తకం తయారు చేయించడం. నీలం అట్ట వల్ల దానికి ‘బ్లూ బుక్’ అని పేరు పడింది. బడులకు అందులో చెప్పినవి ముఖ్యంగా మూడే సంగతులు: ఏ పిల్లలు వెనకబడ్డారో చిన్న పరీక్షతో కనిపెట్టండి, ప్రతి పిల్లకూ పిల్లాడికీ రోజూ కనీసం 15 నిమిషాలు ఒళ్లు వంచే పని ఇవ్వండి, కొన్నాళ్లకోసారి మళ్లీ పరీక్షించి ఎంత మెరుగయ్యారో చూడండి. ముందు ఆరు రాష్ట్రాల్లో నమూనాగా నడిపి, ఆ ఫలితాలు చూపించి మిగతా చోట్ల అడిగారు. అధికారం లేనివాడు పని జరిపించుకోవాలంటే అడిగేది చిన్నదిగా ఉండాలి, ఖర్చు లేనిదిగా ఉండాలి. 15 నిమిషాలు అనే అంకెలో ఉన్న తెలివంతా అదే. కొత్త మైదానం అడగలేదు, కొత్త టీచర్ని అడగలేదు. కాదనడానికి బోర్డుకు సాకు మిగల్లేదు.

1963లో మండలి పేరులోంచి ‘యువజన’ అనే మాట తీసి అన్ని వయసులవారికీ వర్తించేలా మార్చారు. 1964లో విల్కిన్సన్ పదవి వదిలి ఓక్లహోమా నుంచి రిపబ్లికన్ అభ్యర్థిగా సెనేట్‌కు పోటీ చేసి ఫ్రెడ్ హారిస్ చేతిలో ఓడిపోయారు. ఆయన స్థానంలోకి బేస్‌బాల్ ఆటగాడు స్టాన్ మ్యూజియల్, ఆ తర్వాత వ్యోమగామి జేమ్స్ లవెల్ వచ్చారు.

ప్రశ్న: అమెరికా పిల్లల్లో సగానికి పైగా క్రౌస్-వెబర్ పరీక్ష తప్పారని, అక్కడి నుంచే ఇదంతా మొదలైందని పాఠ్యపుస్తకంలో ఉంది. అంత కష్టమైన పరీక్షా?

జవాబు: కష్టం కాదు. కష్టం కాకపోవడమే అందరినీ కంగారు పెట్టింది. అందులో ఉన్నవి ఆరు అంశాలు. వెల్లకిలా పడుకుని కాళ్లు చాపి, చేతులు మెడ వెనక పెట్టుకుని ఒక్కసారి లేచి కూర్చోవాలి. మోకాళ్లు మడిచి మళ్లీ ఒక్కసారి. అలాగే పడుకుని రెండు కాళ్లనూ నేలకు 10 అంగుళాల ఎత్తులో 10 సెకన్లు ఆపాలి. తర్వాత బోర్లా పడుకుని పొట్ట కింద దిండు పెట్టుకుని నడుము పైభాగం 10 సెకన్లు, ఆపైన కాళ్లు 10 సెకన్లు ఎత్తి ఉంచాలి. చివరిగా ఒట్టి కాళ్లతో పాదాలు కలిపి నిలబడి, మోకాళ్లు వంచకుండా వేళ్లతో నేల తాకి 3 సెకన్లు ఉండాలి. ఊపుతో కిందికి కొట్టి లేవడం కుదరదు. ఒక్కటి తప్పినా మొత్తం తప్పినట్టే.

1954లో ప్రచురించిన ఫలితాల్లో అమెరికా పిల్లలు 57.9 శాతం, ఇటలీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ పిల్లలు 8.7 శాతం కనీసం ఒక అంశం తప్పారు. ఎక్కువమంది తప్పింది చివరిదైన వంగి నేల తాకడం దగ్గర. అందుకే ఈ అంకెను బలహీనతకు గుర్తుగా మాత్రమే చదవకూడదు. కూర్చుని కూర్చుని తొడ వెనక కండరాలు బిగుసుకుపోయిన సంగతి అందులో చాలా ఉంది. డాక్టర్ హన్స్ క్రౌస్ అసలు ఈ పరీక్ష పెట్టింది నడుము నొప్పి రోగుల కోసం, పొట్ట-వీపు కండరాలకు ఉండాల్సిన కనీస బలం ఉందో లేదో చూడటానికి. పరుగు, దమ్ము, గెంతు ఇందులో లేవు. (కెనెడీ నడుము నొప్పికి 1961 నుంచి వైద్యం చేసింది కూడా ఈ క్రౌసే.) ‘ఈ పరీక్ష నెగ్గినవాడు దృఢమైనవాడు’ అని పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి. ‘తప్పినవాడికి కనీస కండరబలమో వంగే గుణమో తక్కువ’ అని రాయాలి.

ప్రశ్న: బ్లూ బుక్‌లోని వడపోత పరీక్ష ఎలా చేయించేవారు? ఏ వయసుకు ఎంత? మా విద్యార్థులకు పాఠంగా చెప్పాలి, కొలతలతో సహా కావాలి.

జవాబు: మూడు అంశాలు. వయసు 10 నుంచి 17. ఇందులో మార్కులు ఉండవు, దాటడమో దాటకపోవడమో అంతే.

మొదటిది చేతులకు, భుజాలకు. అబ్బాయిలకు బారు పట్టుకుని పైకి లాగడం, అంటే పుల్‌అప్. 10-13 ఏళ్లకు 1, 14-15కు 2, 16-17కు 3. బారు ఎత్తు పిల్లాడు చేతులు పూర్తిగా చాపి వేలాడినా పాదాలు నేలకు తగలనంత ఉండాలి. అరచేతులు బయటికి చూసేలా పట్టు. గడ్డం బారు పైకి రావాలి, కిందికి దిగినప్పుడు మోచేతులు పూర్తిగా నిటారు కావాలి. ఎక్కువ దొంగలెక్కలు ఇక్కడే పడతాయి. సగం దిగి మళ్లీ లాగేస్తే అది రెండోది కాదు. ఒళ్లు ఊగుతుంటే టీచరు తన చేతిని పిల్లాడి తొడల ముందు అడ్డంగా పెట్టి ఊపు ఆపాలి. కాళ్లు తన్నితే లెక్కలోకి రాదు.

అమ్మాయిలకు మార్చిన పుల్‌అప్, ఏ వయసుకైనా 8. బారు ఎత్తు సర్దగలిగేది కావాలి. అమ్మాయి నిలబడినప్పుడు రొమ్ము ఎముక కింది కొసకు కాస్త దిగువగా బారు పెట్టాలి. బారు పట్టుకుని కాళ్లు ముందుకు జరిపి, మడమలు నేలకు ఆనించి, చేతులు ఒంటికి లంబకోణంలో ఉండేలా వెనక్కి వాలాలి. తల నుంచి మడమల దాకా ఒక కర్రలా ఉండి ఛాతీ బారుకు తగిలేలా లాగాలి. మడమలు జారకుండా జోడీ అమ్మాయి తన పాదాలు అడ్డం పెడుతుంది. నడుము కిందికి జారిందంటే ఆ లెక్క పోయినట్టు. బారు రెండంగుళాలు పైకి పెట్టినా పరీక్ష బాగా తేలికైపోతుంది. అందుకే ప్రతి అమ్మాయికీ బారు కొత్తగా సర్దాలి. తొందరలో ఈ పని వదిలేస్తే వచ్చిన ఫలితాలకు అర్థం ఉండదు.

రెండోది సిటప్స్: అబ్బాయిలకు 14, అమ్మాయిలకు 10. వెల్లకిలా పడుకుని కాళ్లు చాపి, పాదాల మధ్య అడుగు దూరం ఉంచి, వేళ్లు తల వెనక పెనవేసుకుని పడుకోవాలి. జోడీ చీలమండలు పట్టుకుంటారు. లేచి కుడి మోచేయి ఎడమ మోకాలికి తాకిస్తే ఒకటి, పడుకుని మళ్లీ లేచి ఎడమ మోచేయి కుడి మోకాలికి తాకిస్తే రెండు. ఇది అప్పటి పద్ధతి, ఇప్పుడు ఎవరి చేతా చేయించకండి. కాళ్లు చాపి, పాదాలు పట్టించి లేస్తే పొట్ట కండరాల కన్నా తుంటి దగ్గరి కండరాలే ఎక్కువ పని చేస్తాయి. అవి నడుము ఎముకల నుంచే మొదలవుతాయి కాబట్టి పొట్టలో బలం లేని పిల్లకు నడుము విల్లులా పైకి లేచి నొప్పి పుడుతుంది. అలసిపోయాక చేతులతో తలను ముందుకు గుంజితే మెడ పట్టేస్తుంది. తర్వాతి దశాబ్దాల్లో మోకాళ్లు మడవడం, చేతులు ఛాతీ మీద కట్టుకోవడం, చివరికి భుజాలు మాత్రమే లేపే కర్లప్ రావడం ఈ కారణాల వల్లే.

మూడోది స్క్వాట్ థ్రస్ట్. బస్కీ, దండీ కలిసిన కదలిక అనుకోండి. నాలుగు అంకెలు: నిలబడినవాడు కిందికి కూర్చుని అరచేతులు నేలకు ఆనించడం ఒకటి, కాళ్లు రెండూ వెనక్కి విసిరి దండీ స్థితికి రావడం రెండు, తిరిగి కూర్చోవడం మూడు, పూర్తిగా నిటారుగా నిలబడటం నాలుగు. 10 సెకన్లలో అబ్బాయిలు 4, అమ్మాయిలు 3 చేయాలి. తొందరలో పిల్లలు మింగేది నాలుగో అంకెనే. సగం లేచి మళ్లీ కూర్చుంటారు. లెక్కపెట్టే జోడీకి ‘నడుము నిటారైతేనే ఒకటి’ అని ముందే చెప్పాలి.

ఈ పరీక్షలో మాకు నచ్చేది దాని కింది హద్దు. పదేళ్ల పిల్లాడికి ఒకే ఒక్క పుల్‌అప్ పెట్టారు. బాగా ఆడేవాణ్ని వెతకడానికి ఎవరూ అంత చిన్న హద్దు పెట్టరు. ఆగిపోయినవాణ్ని వెతకడానికే పెడతారు.

ప్రశ్న: మా పీరియడ్ 40 నిమిషాలు. అందులో 15 నిమిషాల కష్టమైన వ్యాయామం పెద్ద విషయమా? అది మామూలుగానే జరిగిపోతుందిగా?

జవాబు: గడియారం పట్టుకుని ఒక్క పిల్లాణ్ని మాత్రం గమనించండి, జరగడం లేదని తెలుస్తుంది. బట్టలు మార్చుకోవడానికి రానూపోనూ 10 నిమిషాలు, హాజరు 3, ఆట నియమాలు చెప్పడం 5, జట్లుగా విడదీయడం 3. మిగిలిన 19 నిమిషాల్లో బేస్‌బాల్ లాంటి ఆట పెడితే తొమ్మిదిమంది మైదానంలో నిలబడి ఉంటారు, మిగతావాళ్లు బ్యాటు కోసం వరుసలో ఉంటారు. ఆ పిల్లాడు గట్టిగా పరిగెత్తింది రెండు నిమిషాలు కూడా ఉండదు. తప్పినవాడు బయటికి వెళ్లిపోయే ఆటలు ఇంకా అన్యాయం. వ్యాయామం ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లే మొదటి నిమిషంలో గట్టు మీదికి చేరతారు.

అందుకని 15 నిమిషాలను ఆటలో కలపకుండా, ఆటకు ముందు విడిగా పెట్టాలి. నలభైమంది ఉంటే ఎనిమిదిమంది చొప్పున అయిదు గుంపులు చేయండి. గుంపుకో పిల్ల నాయకురాలిగా ఉండి హాజరు చూస్తే టీచరుకు మూడు నిమిషాలు మిగులుతాయి. మొదటి 3 నిమిషాలు నెమ్మది పరుగు, చేతులు తిప్పడం. తర్వాత 8 నిమిషాలు అయిదు చోట్ల అయిదు పనులు: దండీలు, స్క్వాట్ థ్రస్ట్, కర్లప్స్, బారుకు వేలాడటం, 10 మీటర్ల అటూఇటూ పరుగు. ఒక్కో చోట 70 సెకన్ల పని, 25 సెకన్లలో మారడం. లెక్క చూస్తే అయిదు చోట్లకు 8 నిమిషాలు దాదాపు సరిపోతాయి. చివరి 4 నిమిషాలు ఆగకుండా పరుగు. దమ్ము చాలనివారు నడవవచ్చు, నిలబడకూడదు.

ఎన్ని చేయాలన్నది అందరికీ ఒకే అంకె పెట్టకండి. ఒక్కొక్కరు గరిష్ఠంగా ఎన్ని చేయగలరో మొదటి రోజు రాసుకుని, అందులో సగంతో మొదలుపెట్టి వారానికి ఒకటో రెండో పెంచండి. మొదటి వారంలోనే చాలా చేయిస్తే మూడో రోజు ఒళ్లు నొప్పులతో సగంమంది చీటీ పట్టుకొస్తారు, అక్కడితో కార్యక్రమం ఆగిపోతుంది. గుండె జబ్బో ఉబ్బసమో ఉన్న పిల్లల సంగతి ముందుగా వైద్యుణ్ని అడిగి తెలుసుకోవాలి. వడపోత దాటనివారిని ఆరు వారాలకోసారి మళ్లీ చూడండి. ఇంకా త్వరగా చూస్తే మార్పు కనబడక పిల్లలు నిరుత్సాహపడతారు.

అప్పట్లో టీచర్లకు సాయంగా 1962లో గ్రామఫోను రికార్డు కూడా వచ్చింది. ఆరు నిమిషాలకు పైగా సాగే ఆ పాటలో ఒక్కో చరణానికి ఒక్కో వ్యాయామం. తాళం ఉంటే లెక్కపెట్టే పని తప్పుతుంది, టీచరు కళ్లు పిల్లల మీద ఉంటాయి.

ప్రశ్న: ఏఏహెచ్‌పీఈఆర్ యువజన దార్ఢ్య పరీక్షలో షటిల్ రన్, 50 గజాల పరుగు ఒకే పిల్లాడికి ఇద్దరు టీచర్లు వేరువేరు సమయాలు చూపిస్తున్నారు. తప్పెక్కడ?

జవాబు: ఈ పరీక్ష 1957-58లో వచ్చింది. ఆరోగ్య, వ్యాయామ విద్య, వినోదాల అమెరికా సంఘం తరఫున మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హన్సికర్ 8,500 మంది పిల్లలను పరీక్షించి పట్టికలు తయారుచేశారు. ఏడు అంశాలు: పుల్‌అప్స్, సిటప్స్, షటిల్ రన్, నిలబడి దూరం దూకడం, 50 గజాల పరుగు, సాఫ్ట్‌బాల్ విసరడం, 600 గజాల పరుగు-నడక. ఏడింటినీ ఒకే రోజు పెట్టవద్దు. మొదటి నాలుగూ ఒక రోజు, మిగతా మూడూ మరో రోజు పెట్టుకోవడం మంచిది. 600 గజాలు ఎప్పుడూ చివరే. దాని తర్వాత ఏది పెట్టినా ఆ ఫలితం పనికిరాదు.

షటిల్ రన్‌కు 30 అడుగుల దూరంలో రెండు సమాంతర గీతలు, 2×2×4 అంగుళాల చెక్కముక్కలు రెండు కావాలి. ముక్కలు అవతలి గీత వెనక ఉంటాయి. పిల్లాడు వెళ్లి ఒకటి తెచ్చి మొదటి గీత వెనక పెట్టాలి, మళ్లీ వెళ్లి రెండోది చేత్తో పట్టుకుని గీత దాటేయాలి. మొత్తం 120 అడుగులు. రెండు ప్రయత్నాల్లో మెరుగైనది లెక్క, సెకనులో పదో వంతు దాకా. తేడాలకు మామూలుగా మూడు కారణాలు ఉంటాయి. ఒకటి, మొదటి ముక్కను ‘పెట్టడం’ బదులు విసిరేయడం. వంగకుండా విసిరితే సమయం తగ్గిపోతుంది. విసిరితే ఆ ప్రయత్నం రద్దు. రెండు, గీతల మధ్య కొలత: ఒకరు గీత లోపలి అంచు నుంచి, ఒకరు బయటి అంచు నుంచి కొలుస్తారు. నాలుగు విడతల పరుగులో 2 అంగుళాల తేడా 8 అంగుళాలవుతుంది. మూడు, నేల. నున్నటి గచ్చు మీద మేజోళ్లతో తిరిగితే జారతారు. రబ్బరు బూట్లో ఒట్టి కాళ్లో ఉండాలి, రెండు పరీక్షలకూ అదే నేల ఉండాలి.

50 గజాల పరుగులో తప్పు ఎక్కువగా చెవి వల్ల వస్తుంది. 50 గజాలంటే 45.7 మీటర్లు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి విజిల్ చప్పుడు గమ్యం దగ్గర వాచీ పట్టుకున్నవారిని చేరడానికి 0.13 సెకను పడుతుంది. వాచీ అంత ఆలస్యంగా మొదలై పిల్లాడి సమయం అంత తక్కువగా కనబడుతుంది. ఒక టీచరు చప్పుడు విని, ఇంకొకరు చేయి చూసి నొక్కితే తేడా రాక మానదు. అందుకే మొదలుపెట్టేవారు చేయి పైకెత్తి ‘గో’ అంటూ ఒక్కసారిగా కిందికి దించాలి, వాచీవారు ఆ చేతినే చూడాలి. రెండో తప్పు, గమ్యం కనబడగానే పిల్లలు వేగం తగ్గించడం. అయిదు గజాల అవతల ఇంకో గుర్తు పెట్టి అక్కడిదాకా పరిగెత్తమనండి, సమయం మాత్రం అసలు గీత దగ్గర తీసుకోండి.

దూరం దూకడంలో మూడు ప్రయత్నాలు. గీత నుంచి, దానికి దగ్గరగా నేల తాకిన మడమ దాకా కొలవాలి. వెనక్కి పడి చేయి ఆనిస్తే ఆ చేతి గుర్తు దాకా. కాలి వేలి కొస దాకా కొలిస్తే ఒక పాదం పొడవు ఊరికే కలిసిపోతుంది.

సాఫ్ట్‌బాల్ విసరడం ఎందుకు తీసేశారని ఇంకొకరు అడిగారు. అది దార్ఢ్యం కన్నా అలవాటును కొలుస్తుంది. చిన్నప్పటి నుంచి బేస్‌బాల్ ఆడే పిల్లలకు చేయి దానంతటదే తిరుగుతుంది. 1976 సవరణలో దాన్ని తొలగించారు, సిటప్స్‌ను మోకాళ్లు మడిచి 60 సెకన్లకు మార్చారు. 600 గజాల బదులు 10-12 ఏళ్లవారికి ఒక మైలు లేదా 9 నిమిషాలు, 13 ఏళ్లు దాటినవారికి మైలున్నర లేదా 12 నిమిషాలు ఎంచుకునే వీలు ఇచ్చారు. 600 గజాలు రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. అంత తక్కువ సమయంలో గుండె-ఊపిరితిత్తుల ఓర్పు కన్నా వేగమే ఎక్కువ బయటపడుతుంది.

ప్రశ్న: అమ్మాయిలకు అన్నింట్లోనూ తక్కువ ప్రమాణం పెట్టడం సరైనదేనా?

జవాబు: పుల్‌అప్‌లో వేరు పద్ధతి పెట్టడానికి శరీర నిర్మాణంలో కారణం ఉంది. సిటప్స్‌లో తక్కువ పెట్టడానికి అలవాటు తప్ప గట్టి కారణం కనబడదు. 1958 నాటి ఏఏహెచ్‌పీఈఆర్ పరీక్షలో సిటప్స్ గరిష్ఠ పరిమితి అబ్బాయిలకు 100, అమ్మాయిలకు 50. యాభై ఒకటోది చేయగల అమ్మాయిని ఆపేసినట్టే కదా. బడి క్రీడల్లోనూ అంతే. 1971-72లో అమెరికా హైస్కూళ్ల పోటీ క్రీడల్లో అబ్బాయిలు 36,66,917 మంది ఉంటే అమ్మాయిలు 2,94,015 మందే. 1972 జూన్‌లో చదువులో లింగవివక్షను నిషేధించే టైటిల్ నైన్ చట్టం వచ్చాకే అది మారింది. విల్కిన్సన్ కాలంలో మండలి అమ్మాయిలకూ రోజూ 15 నిమిషాలు అడిగింది, అంతవరకు మేలే. పోటీ జట్ల సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది.

ప్రశ్న: 1963లో అందరూ 50 మైళ్లు నడిచారట, అదీ ఈ మండలి కార్యక్రమమేనా?

జవాబు: కాదు. 1908లో థియోడర్ రూజ్‌వెల్ట్ మెరైన్ అధికారులకు ఇచ్చిన ఉత్తర్వు ఒకటి కెనెడీ కంట పడింది: 50 మైళ్లు, మూడు రోజుల లోపు, మొత్తం 20 గంటల నడకలో. ఇప్పటి అధికారులు నడవగలరా అని ఆయన మెరైన్ దళపతిని అడిగారు. ఆ వార్త బయటికి రాగానే బడిపిల్లలు సహా జనం రోడ్లెక్కారు. ఫిబ్రవరి చలిలో రాబర్ట్ కెనెడీ మామూలు తోలుబూట్లతో 17 గంటల 50 నిమిషాల్లో నడిచారు. మండలి, వైద్యులు మాత్రం అలవాటు లేనివారు దిగవద్దని హెచ్చరించాల్సి వచ్చింది. 80 కిలోమీటర్లు 20 గంటల్లో అంటే గంటకు 4 కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. దెబ్బతీసేది వేగం కాదు, కొత్త బూట్లూ తడి మేజోళ్లూ. పదిహేనో మైలుకు మడమ బొబ్బెక్కితే నడక వంకరపోతుంది, ఆ వంకరతో మోకాలు పోతుంది.

ప్రశ్న: అధ్యక్షుడి దార్ఢ్య పురస్కారానికి ‘85’ కావాలంటారు. నూటికి 85 మార్కులా?

జవాబు: కాదు, 85వ పర్సంటైల్. ఆ వయసు పిల్లలు వందమంది ఉంటే 85 మంది కన్నా మెరుగ్గా ఉండాలి. 1966లో లిండన్ జాన్సన్ కాలంలో వచ్చిన ఈ పురస్కారానికి ఏఏహెచ్‌పీఈఆర్ పరీక్షలోని ఏడు అంశాల్లోనూ అది సాధించాలి. ఆరింటిలో 95 ఉండి ఒక్క పుల్‌అప్స్‌లో 80 ఉన్నా రాదు.

ఇక్కడే దారి మారిందని మా అభిప్రాయం. బ్లూ బుక్ పరీక్ష అడుగున ఉన్నవాణ్ని పట్టుకోవడానికి పెట్టింది. పురస్కారం పైనున్నవాణ్ని గుర్తించడానికి వచ్చింది. రెండూ తప్పు కావు, కానీ టీచరు దృష్టి బ్యాడ్జి వచ్చే పిల్లల మీదికి పోయింది. 85కి చేరే ఆశే లేని పిల్లాడికి ఆ పరీక్ష ఏడాదికోసారి అందరి ముందూ ఓడిపోవడమే అయింది. అంకెలూ ఆలోచింపజేస్తాయి: 1958 నుంచి 1965కి పిల్లల ఫలితాలు బాగా పెరిగాయి, 1965 నుంచి 1975కి దాదాపు కదల్లేదు. దీనికి పురస్కారమే కారణమని చెప్పలేం. బడులు రోజూ 15 నిమిషాలు పాటించిన ఉత్సాహం ఏళ్లు గడిచేకొద్దీ నిలవకపోవడం కూడా ఉండి ఉంటుంది. 2012లో ఆ పరీక్షకు స్వస్తి చెప్పి, తోటివారితో కాక ఆరోగ్యానికి కావలసిన హద్దుతో పోల్చే ఫిట్‌నెస్‌గ్రామ్ పద్ధతిలోకి వెళ్లారు. 2025 జులై 31న అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వుతో పాత పేరు తిరిగి వచ్చింది.

ప్రశ్న: ఒక్క పుల్‌అప్ కూడా చేయలేని పిల్లలు క్లాసులో సగం ఉంటారు. ‘సున్నా’ రాసి పంపడం తప్ప ఏం చేయాలి?

జవాబు: సున్నా రాయకండి. వేలాడిన సెకన్లు రాయండి. ఈ పరీక్షలో పెద్ద లోపం అదే: సున్నా దగ్గర ఉన్న ఇద్దరిలో ఒకడు దాదాపు పైకి వచ్చినవాడు, ఇంకొకడు బారు పట్టుకుని నిలవలేనివాడు. ఇద్దరికీ ఒకే అంకె. ఆరు వారాల్లో ఎంత మెరుగైనా ఆ అంకె కదలదు, పిల్లాడు నమ్మకం వదిలేస్తాడు. ఏఏహెచ్‌పీఈఆర్ పరీక్షకు చేసిన 1965 సవరణలో అమ్మాయిలకు గడ్డం బారు పైన ఉంచి చేతులు మడిచి వేలాడే పరీక్ష పెట్టడం వల్ల ఆ మేలు జరిగింది.

చేయించాల్సింది ఇది. మొదటి రెండు వారాలు చేతులు చాపి వేలాడటం మాత్రమే, 10 సెకన్లతో మొదలుపెట్టి 30 దాకా, రోజూ మూడుసార్లు. చాలామందికి ముందు పోయేది పిడికిలి, భుజం కాదు. తర్వాత రెండు వారాలు గట్టి స్టూలు ఎక్కి గడ్డం బారు పైన పెట్టుకుని, కాళ్లు వదిలి, 5 సెకన్లు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగడం. రోజు విడిచి రోజు, 3 నుంచి 5 సార్లు. ఇలా దిగడం వల్ల కండరాలు ఎక్కువ నొస్తాయి, అందుకే రోజూ వద్దు. చివరి రెండు వారాలు జోడీ వెనక నిలబడి రెండు అరచేతులతో నడుము పక్కల పట్టి కొద్దిగా పైకి అందిస్తూ పూర్తి పుల్‌అప్ చేయించడం. పాదాలు పట్టుకుని నెట్టనివ్వకండి, పైవాడు కాలితో తొక్కి లేస్తాడు, చేతులకు పని ఉండదు. స్టూలు కదలకుండా ఒకరు పట్టుకోవాలి, కింద చాపో ఇసుకో ఉండాలి, బారుకు తుప్పూ తడీ లేకుండా ప్రతి రోజూ గుడ్డతో తుడవాలి. ఒళ్లు బరువైన పిల్లలకు ఆరు వారాలు చాలవు, పన్నెండు పట్టవచ్చు. వాళ్ల కార్డులో రాయాల్సింది వేలాడిన సెకన్లు, దిగడానికి పట్టిన సెకన్లు, తేదీ.